మూడేళ్ల నందులు, ఒక ఆధార్ కార్డు

నంది అవార్డులు మళ్లీ ఇస్తామని సినిమాటోగ్రఫీ మంత్రి కందుల దుర్గేష్ చెప్పిన దగ్గర్నుంచి సినిమా డిస్ట్రిబ్యూటర్ల ఆఫీసులుండే విజయవాడ గాంధీనగర్‌లో పాత పద్దులు ఒక్కొక్కటే బయటికొస్తున్నాయి. ఈ అవార్డుల తగాదాకు సాయంత్రంలోగా నేపథ్యం రాసివ్వమని డెస్కు వాళ్లు అడిగారు కాబట్టి 1964లో మొదలైన సంగతీ, లేపాక్షి బసవన్న సంగతీ, బంగారు, వెండి, కంచు నందుల లెక్కా ఇక్కడ చెప్పను. అవి అందరికీ తెలిసినవే. ఇవాళ్టి తగాదా అర్థం కావాలంటే 2017 నవంబరు 14 నుంచి ఓ వారం పది రోజులు చూస్తే చాలు.

ఆ రోజు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2014, 2015, 2016 సంవత్సరాల నందుల్ని ఒక్కసారే ప్రకటించింది. ఉత్తమ చిత్రాలు వరసగా ‘లెజెండ్’, ‘బాహుబలి: ద బిగినింగ్’, ‘పెళ్లి చూపులు’. ఉత్తమ నటులు బాలకృష్ణ, మహేష్ బాబు, జూనియర్ ఎన్టీఆర్. ‘లెజెండ్’ ఒక్కదానికే తొమ్మిది అవార్డులు. టీవీలో స్క్రోలింగ్ పూర్తి కాకముందే గాంధీనగర్ టీ కొట్ల దగ్గర లెక్కలు మొదలయ్యాయి. ఏడాదికో జాబితా వస్తే ఏడాదికో చర్చ. మూడేళ్లవి కలిపి వచ్చేసరికి జనం సినిమాల్ని పక్కనపెట్టి హీరోల్ని లెక్కపెట్టారు. ఏ ఇంటికి ఎన్ని, ఏ ఇంటికి సున్నా అని. మెగా అభిమానులకు, అంటే చిరంజీవి ఇంటి హీరోల అభిమానులకు, ఆ సున్నాలే పెద్దగా కనిపించాయి. నిర్మాత బన్నీ వాసు ఈ జాబితా మీద ఫేస్‌బుక్‌లో పెట్టిన వ్యంగ్యం అక్కడ పుట్టిందే.

మామూలు ప్రేక్షకుడి అభ్యంతరాలు వేరు. అక్కినేని ఆఖరి సినిమా ‘మనం’ ఉన్న ఏడాదిలో ‘లెజెండ్’ ఎలా ముందుకొచ్చిందన్నది మొదటిది. ఆ సినిమా హీరో అప్పటికే హిందూపురం ఎమ్మెల్యే, ముఖ్యమంత్రికి వియ్యంకుడు. ఈ మాట బయటికి అనని వాళ్లు కూడా మనసులో అనుకున్నారు. రెండోది, 2017 సంక్రాంతికి వచ్చిన ‘శతమానం భవతి’కి 2016 నంది ఏమిటని. ఇది అపోహ. అవార్డుకు లెక్క విడుదల తేదీ కాదు, సెన్సారైన ఏడాది. జాతీయ అవార్డులదీ అదే పద్ధతి. ఆ సినిమాకు జాతీయ పురస్కారం కూడా 2016 కోటాలోనే వచ్చింది. నిర్మాత దరఖాస్తు పెట్టుకోకపోతే జ్యూరీ ఆ సినిమా వైపు చూడదన్న సంగతి కూడా చాలామందికి తెలియదు. ఈ రెండు ముక్కలూ ఆ రోజే ఎవరైనా మైకు ముందు నిలబడి చెప్పి ఉంటే సగం వేడి దిగేది.

ప్రభుత్వం వైపు వాదన ఒక్కటే. మూడేళ్లకు మూడు జ్యూరీలు వేశాం, వాటిలో గిరిబాబు, జీవిత లాంటి అనుభవజ్ఞులు ఉన్నారు, వాళ్లిచ్చిన జాబితానే ప్రకటించాం, మేం వేలు పెట్టలేదు అని. అబద్ధమని నేననను. కాకపోతే అడిగినవాళ్ల ప్రశ్న అది కాదు. ఎవరు ఎంపిక చేశారని కాదు, ఎందుకు ఎంపిక చేశారని అడిగారు.

ఆ ప్రశ్నను తిన్నగా అడిగింది దర్శకుడు గుణశేఖర్. 2015 అక్టోబరులో విడుదలైన ఆయన ‘రుద్రమదేవి’ మొదటి మూడు ఉత్తమ చిత్రాల్లో లేదు. గోన గన్నారెడ్డి పాత్రకు అల్లు అర్జున్‌కు వచ్చిన అవార్డు మాత్రం ఉంది. ఒక రాణి కథకు ఆ మూడింటిలో చోటు దక్కకపోవడం ఏమిటని బహిరంగ లేఖ రాశారు. జ్యూరీ నిర్ణయాన్ని విమర్శిస్తే మూడేళ్లపాటు నందికి అనర్హులు అన్న నిబంధన ఒకటుందని, మనం స్వతంత్ర దేశంలోనే ఉన్నామా అని అందులోనే అడిగారు. అవార్డు రాకపోతే బాధపడొచ్చు గానీ నోరు తెరవకూడదట! అలాంటి నిబంధన ఒకటుందని ప్రేక్షకుల్లో చాలామందికి ఆ లేఖతోనే తెలిసింది.

‘రుద్రమదేవి’కి తెలంగాణ ప్రభుత్వం వినోదపు పన్ను మినహాయించింది, ఆంధ్రప్రదేశ్ ఇవ్వలేదు. 2017 సంక్రాంతికి వచ్చిన ‘గౌతమీపుత్ర శాతకర్ణి’కి రెండు రాష్ట్రాలూ ఇచ్చాయి. రుద్రమ ఓరుగల్లు రాణి, శాతకర్ణి అమరావతి రాజు, ఎవరి చరిత్ర వాళ్లది అని అప్పట్లో కొందరు సర్దిచెప్పుకున్నారు. ఈ మాట అన్నవాళ్లు మల్కాపురం వెళ్లి ఉండరు. వెలగపూడి సచివాలయానికి కూతవేటు దూరంలో ఉంటుందా ఊరు. 1261 నాటి నల్లరాతి శాసనస్తంభం ఒకటుంది అక్కడ. శైవ గురువు విశ్వేశ్వర శివాచార్యుడికి మందడం గ్రామాన్ని రుద్రమదేవి దానమిచ్చిన వైనం దాని మీద చెక్కి ఉంది. మఠం, అన్నసత్రం, ఆసుపత్రి, ప్రసూతిశాల, అన్నిటికీ ఆదాయం పంచి రాశారు. అంటే రాజధాని గ్రామాల్లో రుద్రమకు ఏడున్నర శతాబ్దాల కిందటి అడ్రసు ఉన్నట్టే. ఈ అడ్రసు మాట ఊరికే అనడం లేదు, వచ్చే పేరాలో దానితోనే పని.

విమర్శలు పెరిగాక అప్పటి ఐటీ మంత్రి నారా లోకేష్ ఒక మాటన్నారు. రాష్ట్రంలో ఆధార్ కార్డూ ఓటరు కార్డూ లేకుండా హైదరాబాద్‌లో కూర్చున్నవాళ్లు, నాన్ రెసిడెంట్ ఆంధ్రులు, మన అవార్డుల మీద గొడవ చేస్తున్నారని. నా లెక్కలో మొత్తం కథ మలుపు తిరిగింది ఇక్కడే. అప్పటిదాకా ‘మనం’ గొప్పదా ‘లెజెండ్’ గొప్పదా అన్న తగువు నడిచింది. అది ఎప్పటికీ తేలదు, తేలనక్కర్లేదు కూడా. టీ తాగుతున్నంతసేపూ ఉంటుంది, గ్లాసు కింద పెట్టగానే పోతుంది. ఆధార్ మాట వచ్చాక సినిమా పోయి ఇంటి నంబరు వచ్చింది. నీకు నచ్చలేదా అని అడగాల్సిన చోట నువ్వెక్కడుంటావని అడిగారు. పోసాని కృష్ణమురళి విలేకరులను పిలిచి, తెలుగువాళ్లు హైదరాబాద్‌లో ఉంటే తప్పా అని నిలదీసి, ‘టెంపర్’కు వచ్చిన నందిని వద్దన్నారు. ఆయన కోపం ఆయన తరహాలోనే ఉంది. కానీ అవార్డు వచ్చినవాడే తిరస్కరించాక, రానివాళ్లది ఉక్రోషమని కొట్టిపారేసే వీలు లేకుండా పోయింది.

ఇక్కడ ఆధార్ ఉన్నవాడి సంగతి ఎవరూ అడగలేదు. గాంధీనగర్‌లో ఒక డిస్ట్రిబ్యూటర్ ఆఫీసుంది. మెట్లెక్కి పైకి వెళితే, ఒకప్పుడు ఫిల్మ్ బాక్సులు పేర్చిన గది ఇప్పుడు సగం ఖాళీ. గోడ నిండా శతదినోత్సవ షీల్డులు. అద్దాల లోపల వెల్వెట్ వెలిసిపోయి గులాబీ రంగుకు తిరిగింది. కింద ఇత్తడి రేకు మీద సినిమా పేరు, సెంటరు పేరు, థియేటరు పేరు. ఒకదాని మీద అప్సర, ఇంకోదాని మీద అలంకార్. అక్కడ ముప్ఫై ఏళ్లకు పైగా రెప్రజెంటేటివ్‌గా పనిచేసిన పెద్దాయన ఒకరున్నారు. బాక్సుతోపాటు థియేటరుకు వెళ్లి, టికెట్ల చింపులు లెక్కపెట్టి, రాత్రి సెకండ్ షో కలెక్షన్ రాసుకుని వచ్చిన మనిషి. 2017 గొడవ గురించి అడిగితే నవ్వారు.

“అబ్బాయ్, ఈ షీల్డు చూశావా? దీనికి జ్యూరీ లేదు. వంద రోజులు ఆడితే ఇచ్చారు. ఆడించారని ఎవడైనా అంటే డీసీఆర్, అదే రోజువారీ కలెక్షన్ల లెక్క, తీసి చూపించేవాళ్లం.”

“డీసీఆర్‌లోనూ దొంగలెక్కలు ఉండేవి కదా బాబాయ్ గారూ?”

“ఉండకేం. కానీ మార్నింగ్ షోకి హాల్లో ఎంతమంది కూర్చున్నారో బయట సైకిల్ స్టాండువాడికి తెలుసుగా. వాణ్ని మోసం చెయ్యలేం.”

ఆ సైకిల్ స్టాండు ఓటు నందికి ఎప్పుడూ లేదు. ఉండాలని నేననను. జనం ఎగబడిందే గొప్పదైతే జ్యూరీ ఎందుకు, డీసీఆర్ చాలు. కానీ జ్యూరీ మాటకు విలువ రావాలంటే కారణం చెప్పాలి, చెప్పిన బహుమతి చేతికివ్వాలి. 2017లో రెండూ జరగలేదు. కారణం అడిగితే చిరునామా అడిగారు. ఆ తర్వాత ముఖ్యమంత్రి చంద్రబాబు, ఇంత రచ్చ అవుతుందని తెలిస్తే ఐవీఆర్ఎస్ సర్వే చేసి ప్రేక్షకుల అభిప్రాయంతోనే ఇచ్చేవాళ్లమన్నారు. పార్టీ టికెట్లకు అభిప్రాయం అడిగినట్టు, ఫోన్‌లో ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అని! పైకి ఇది ప్రేక్షకుడి మీద గౌరవంలా ఉంది. తాను వేసిన జ్యూరీల మీద తానే నీళ్లు చల్లినట్టు కూడా ఉంది. ఆ తర్వాత ఆ మూడేళ్ల నందుల ప్రదానోత్సవం జరగనే లేదు. 2019లో ప్రభుత్వం మారింది, కొత్త ప్రభుత్వం సినిమా నందుల జోలికి పోలేదు. జాబితా ఉంది, వేదిక లేదు. ఆధార్ లేదన్నవాళ్లకే కాదు, విజయవాడ బెంజి సర్కిల్‌లో ఆధార్ ఉన్నవాళ్లకూ ఆ నంది ఎలా ఉంటుందో చూసే అవకాశం రాలేదు.

మూడేళ్లవి కలిపి ఇవ్వడమే తప్పని కొందరంటారు. నేనూ మొదట అదే అనుకున్నాను. కానీ అదే 2017 మార్చిలో 2012, 2013 నందుల్ని జంటగా ప్రకటించారు. ‘ఈగ’, ‘మిర్చి’ ఉత్తమ చిత్రాలు. ‘ఈగ’ మీద పేచీ పెట్టేవాళ్లు ఎవరుంటారు? ‘మిర్చి’ మీద పెట్టొచ్చు, పెట్టినవాళ్లూ ఉన్నారు. అయినా మంట లేవలేదు. అవి ఉమ్మడి రాష్ట్రం నాటి సినిమాలు, వాటిని చూసినవాణ్ని నువ్వు ఏ రాష్ట్రంవాడివని ఎవరూ అడగలేదు.

గుంటూరు సంగతి వేరు. 2023 డిసెంబరులో శ్రీ వెంకటేశ్వర విజ్ఞాన మందిరంలో వారం రోజులు నంది నాటకోత్సవాలు జరిగాయి. అప్పుడు రాష్ట్ర చలనచిత్ర అభివృద్ధి సంస్థ (ఎఫ్‌డీసీ) చైర్మన్ ఎవరో కాదు, నంది వద్దన్న పోసానే. నాటకానికి ఒక సుఖం ఉంది: న్యాయనిర్ణేత ముందు వరసలో, ప్రేక్షకుడు వెనక వరసలో, ఇద్దరూ ఒకే ప్రదర్శనను ఒకే గంటలో చూస్తారు. ఫలానా వాళ్ల పద్యం మూడో చరణంలో శ్రుతి తప్పిందని బయట మిర్చి బజ్జీల దగ్గరే తేలిపోతుంది. తగువులు అక్కడా ఉంటాయి, పరిషత్తు నాటకాలు తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు. కానీ మీరు చూడలేదు, మేం చూశాం అనే మాట ఎవరూ అనలేరు. సినిమా జ్యూరీ మూసిన గదిలో చూస్తుంది, ప్రేక్షకుడు రాజ్ యువరాజ్ థియేటర్లో చూస్తాడు. మధ్యలో ఒక పేజీ వివరణ ఉండాల్సింది.

ఇక తెలంగాణ. నందికి బదులు గద్దర్ పేరుతో అవార్డులిస్తామని 2024 జనవరి 31న ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి ప్రకటించారు. 2025 మే నెలాఖరులో 2024కు పూర్తి జాబితా, 2014 నుంచి 2023 దాకా పదేళ్లకు ఉత్తమ చిత్రాలు వచ్చాయి. మూడేళ్లు కలిపితేనే గొడవైన చోట వాళ్లు పదేళ్లు కలిపారు. విజయవాడలో ఆ జాబితాను జనం 2017 జాబితా పక్కన పెట్టుకుని చదివారు. 2014కు ‘లెజెండ్’ బదులు ‘రన్ రాజా రన్’. 2016కు ‘శతమానం భవతి’ మొదటి స్థానంలో, ‘పెళ్లి చూపులు’ రెండో స్థానంలో. 2015కు మొదటి ఉత్తమ చిత్రం ‘రుద్రమదేవి’, రెండోది ‘కంచె’, మూడోది ‘శ్రీమంతుడు’. జాతీయ ఉత్తమ చిత్రంగా ఎంపికైన ‘బాహుబలి’ మొదటి భాగానికి ఆ మూడింటిలో చోటు లేదు. 2017లో అమరావతిలో లేనిది హైదరాబాద్‌లో మొదటికొచ్చింది, అమరావతిలో మొదటిది హైదరాబాద్‌లో మాయమైంది. ప్రేక్షకుడు ఏం అనుకోవాలి? సినిమా మారలేదుగా. ఇంతకీ ‘రుద్రమదేవి’ మొదటి స్థానానికి తగినదా అని నన్నడిగితే, గ్రాఫిక్స్ దగ్గర నేను ఆగిపోతాను. గుణశేఖర్ ప్రశ్న న్యాయమైనది, సినిమా ఓ మోస్తరుది. రెండూ ఒకేసారి నిజం కావచ్చు.

తెలంగాణ చేసిందల్లా, జూన్ 14న హైదరాబాద్ హైటెక్స్‌లో వేదిక కట్టి ఇచ్చేసింది. ‘పుష్ప 2’కు ఉత్తమ నటుడిగా అల్లు అర్జున్ అదే ముఖ్యమంత్రి చేతుల మీదుగా అందుకున్నారు. ఆ సినిమా ప్రీమియర్ రాత్రి సంధ్య థియేటర్ దగ్గర జరిగిన తొక్కిసలాట, ఒక మహిళ మరణం, ఆయన అరెస్టు గడిచి ఏడు నెలలు కూడా కాలేదు. దాని మీద నోళ్లు లేవకపోలేదు. కానీ జ్ఞాపిక చేతికొచ్చింది, ఫొటో పేపర్లో పడింది.

ఇప్పుడు ఇక్కడ నంది మళ్లీ అంటున్నారు. ఏ ఏడాది నుంచి మొదలుపెడతారన్నది మొదటి ప్రశ్న. 2017 నుంచి పూడ్చుకుంటూ వస్తారా, ఈ ఏడాదితో కొత్తగా మొదలుపెడతారా? 2014, 2015, 2016 విజేతలకు ఇవ్వని బసవన్నల మాటేమిటి? విమర్శిస్తే మూడేళ్ల అనర్హత అన్న నిబంధన ఉంచుతారా, తీసేస్తారా? ఇవే ప్రశ్నలు గాంధీనగర్ పెద్దాయన ముందు పెట్టాను. ఆయన షీల్డు మీద దుమ్ము కండువాతో తుడుస్తూ విన్నారు.

“మా దగ్గర పాత సినిమా బాకీ తీరిస్తేనే కొత్త బాక్సు ఇచ్చేవాళ్లు అబ్బాయ్. ఆ మూడేళ్లవి ఎక్కడున్నాయో ముందు అది కనుక్కో.”

ఎఫ్‌డీసీలో కనుక్కుందామని ఫోన్ తీశాను. అప్పటికి సాయంత్రం ఆరు దాటింది.