192 కోర్ల సర్వర్‌కి మారాక యాప్ నెమ్మదించిందా? కొన్ని అపోహలు, వాస్తవాలు

ఒకే ఫిర్యాదు పదే పదే వస్తోంది. పాత సర్వర్లు తీసేసి కొత్తగా 128 కోర్లదో 192 కోర్లదో పెట్టారు. కంటైనర్ (యాప్‌ని దానికి కావాల్సినవాటితో కలిపి విడిగా నడిపే పెట్టె) ఇమేజ్ అదే, దానికి పెట్టిన సీపీయూ, మెమరీ లిమిట్లు అవే. సగటు లేటెన్సీ (జవాబుకి పట్టే సమయం) బాగానే ఉంది, పీ99 (నూటికి 99 రిక్వెస్ట్‌లు ఆలోపే పూర్తయ్యే సమయం) మాత్రం మూడు నాలుగు రెట్లు పెరిగింది. వెంటనే వచ్చే తీర్పు కూడా ఒకటే: "ఈ ఎక్కువ కోర్ల ప్రాసెసర్లలో ఒక్కో కోర్‌కి దమ్ము లేదు, తప్పు కొన్నాం." డబ్బు ఖర్చుపెట్టించిన ఇంజనీర్‌కి ఆ మాట వింటే నిద్ర పట్టదు. ముందు కంగారు తగ్గించుకోండి. ఇలాంటి ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం ప్రాసెసర్ కాదు.

అపోహ: కోర్లు పెరిగితే యాప్ దానంతటదే వేగం పుంజుకుంటుంది. పుంజుకోలేదంటే కోర్లు బలహీనమైనవి.

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేస్తున్నది ఇదే. మెషీన్‌లో ఎన్ని కోర్లున్నాయి, అందులో మీ కంటైనర్ వాటా ఎంత అన్నవి రెండు వేర్వేరు లెక్కలు. చాలా సాఫ్ట్‌వేర్ మొదటి అంకె చూసి థ్రెడ్‌లు (ఒకేసారి నడిచే పనులు) పుట్టిస్తుంది. ఆపరేటింగ్ సిస్టమ్ గుండె అయిన కెర్నల్ రెండో అంకె చూసి ఆపేస్తుంది.

లెక్క చూడండి. ఏఎండీ ఎపిక్ 9965లో 192 కోర్లు, ఎస్‌ఎంటీతో (ఒక్కో కోర్ మీద రెండేసి థ్రెడ్‌లు నడిపే పద్ధతి) 384 లాజికల్ సీపీయూలు. మీ పాడ్‌కి (కంటైనర్లను నడిపే క్యూబర్నెటీస్‌లో ఒక యూనిట్) సీపీయూ లిమిట్ 2 ఇచ్చారనుకుందాం. లినక్స్‌లో దీని అర్థం: ప్రతి 100 మిల్లీసెకన్ల పీరియడ్‌లో మొత్తం 200 మిల్లీసెకన్ల సీపీయూ సమయం. రెండు కోర్లు మీకు రాసిచ్చినట్టు కాదు. 40 థ్రెడ్‌లు ఒకేసారి 40 కోర్ల మీద లేస్తే ఆ 200 మిల్లీసెకన్లు 5 మిల్లీసెకన్లలో అయిపోతాయి. మిగతా 95 మిల్లీసెకన్లు పాడ్ మొత్తం గడ్డకట్టినట్టు ఆగిపోతుంది. ఆ క్షణంలో వచ్చిన రిక్వెస్ట్ ఆ 95 మిల్లీసెకన్లూ మోయాల్సిందే. పాత మెషీన్‌లో 8 లాజికల్ సీపీయూలే ఉంటే, ఎంత విచ్చలవిడిగా పరిగెత్తినా కోటా ఖర్చవడానికి 25 మిల్లీసెకన్లు పట్టేది. అసలు అన్ని థ్రెడ్‌లు పుట్టేవే కావు. రోగం అప్పుడూ ఉంది, బయటపడలేదంతే.

గో భాషనే తీసుకోండి. 1.25 కంటే పాత వెర్షన్లలో గోమ్యాక్స్‌ప్రాక్స్ (గో కోడ్ ఒకేసారి ఎన్ని థ్రెడ్‌ల మీద నడవాలో చెప్పే సెట్టింగ్) విలువ డిఫాల్ట్‌గా మెషీన్ లాజికల్ సీపీయూల సంఖ్య, అంటే ఇక్కడ 384. వాడేసిన మెమరీని ఏరివేసే గార్బేజ్ కలెక్టర్ (జీసీ) అందులో పావు వంతు, అంటే 96, తనకోసం తీసుకుంటుంది. ప్రతి కలెక్షన్‌కీ కోటా క్షణాల్లో ఖాళీ. 2025లో వచ్చిన 1.25 నుంచి రన్‌టైమ్ సీగ్రూప్ (కంటైనర్ వాటాకి లినక్స్ గీసే హద్దు) లిమిట్‌ని తనే చూసుకుంటుంది. పాత వెర్షన్‌లో ఉంటే ఆ విలువ మీరే పెట్టాలి.

జావా 10 నుంచి, పాత 8లో అయితే అప్‌డేట్ 191 నుంచి, లిమిట్‌ని గుర్తిస్తుంది. లిమిట్ పెట్టకుండా వదిలేస్తే మాత్రం 384 మొత్తం తనదే అనుకుంటుంది. జీసీ ప్యారలల్ థ్రెడ్‌ల సూత్రం ప్రకారం మొదటి 8కి 8, మిగతా 376కి ఎనిమిదింట ఐదు వంతులు: మొత్తం 243 థ్రెడ్‌లు. ఒక చిన్న సర్వీస్‌కి! యాక్టివ్ ప్రాసెసర్ కౌంట్ ఫ్లాగ్‌తో దీన్ని కట్టడి చేయొచ్చు. ఇంకో వైపు, లిమిట్ 1 ఇస్తే జేవీఎం (జావా రన్‌టైమ్) మారుమాట లేకుండా ఒకే థ్రెడ్‌తో నడిచే సీరియల్ జీసీ ఎంచుకుంటుంది, అదీ గుర్తుంచుకోండి.

పైథాన్ వాళ్లకు దెబ్బ ఇంకో రూపంలో తగులుతుంది. గునికార్న్ (పైథాన్ వెబ్ సర్వర్) వర్కర్లకి "కోర్లకు రెట్టింపు, ప్లస్ ఒకటి" అనే సూత్రాన్ని స్క్రిప్ట్‌లో రాసుకుంటారు. 384కి అది 769 వర్కర్లు. ఒక్కోటి 100 ఎంబీ అనుకున్నా 75 జీబీ దాటుతుంది. పాడ్ ఓఓఎం కిల్ అవుతుంది (మెమరీ చాలక కెర్నల్ చంపేస్తుంది), టీమ్ మెమరీ లీక్ కోసం వారాల తరబడి వెతుకుతుంది. నంపై (లెక్కల లైబ్రరీ) వాడే చోట ఓపెన్‌ఎంపీ (పనిని థ్రెడ్‌లకు పంచే పద్ధతి) థ్రెడ్ సంఖ్యని కూడా విడిగా పరిమితం చేయాలి.

మెమరీలోనే ఇంకొకటి ఉంది, దీన్ని దాదాపు ఎవరూ అనుమానించరు. 64 బిట్ గ్లిబ్‌సీ మ్యాలాక్ (లినక్స్‌లో ప్రోగ్రామ్‌లకి మెమరీ ఇచ్చే కోడ్) గరిష్ఠంగా సీపీయూలకు 8 రెట్ల అరీనాలు (విడివిడి మెమరీ గుంపులు) పెట్టుకుంటుంది. 384కి ఆ పరిమితి 3,072. థ్రెడ్‌లు ఎక్కువైతే అరీనాలు ఎక్కువ, ముక్కలైన మెమరీ ఎక్కువ. మ్యాలాక్ అరీనా మ్యాక్స్ వేరియబుల్‌ని 2 లేదా 4 దగ్గర పెడితే ఆర్‌ఎస్‌ఎస్ (నిజంగా వాడే ర్యామ్) దిగి రావడం చాలా సందర్భాల్లో కనిపిస్తుంది.

కొత్త హార్డ్‌వేర్‌ని తిట్టే ముందు ఈ పని చేయండి. కంటైనర్ సీగ్రూప్‌లో సీపీయూ స్టాట్ ఫైల్ తెరవండి. మొత్తం పీరియడ్‌లు, థ్రాటిల్ అయిన (కోటా అయిపోయి ఆగిన) పీరియడ్‌లు, థ్రాటిల్ అయిన మైక్రోసెకన్లు అందులోనే ఉంటాయి. లోడ్ ఉన్నప్పుడు పది నిమిషాల తేడాతో రెండుసార్లు చదివి, థ్రాటిల్ అయినవాటి పెరుగుదలని మొత్తం పీరియడ్‌ల పెరుగుదలతో భాగించండి. లేటెన్సీ ముఖ్యమైన సర్వీస్‌లో అది ఒకటి రెండు శాతం దాటితే మీ జబ్బు దొరికినట్టే. తర్వాత థ్రెడ్ సంఖ్యని లిమిట్‌కి ముడిపెట్టండి. క్యూబర్నెటీస్ డౌన్‌వర్డ్ ఏపీఐతో సీపీయూ లిమిట్‌నే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌గా పంపొచ్చు. అది భిన్నాన్ని పై పూర్ణాంకానికి సవరించి ఇస్తుంది, కాబట్టి 1.5 ఇస్తే 2 అందుతుంది. లేటెన్సీ మరీ కీలకమైతే క్యూబ్‌లెట్‌లో (ప్రతి మెషీన్ మీద నడిచే క్యూబర్నెటీస్ ఏజెంట్) సీపీయూ మేనేజర్ స్టాటిక్ పాలసీ పెట్టి, పాడ్‌ని గ్యారెంటీడ్ తరగతిలో (రిక్వెస్ట్, లిమిట్ సమానంగా), పూర్ణసంఖ్య సీపీయూలతో నడపండి. అప్పుడు నిజంగానే కొన్ని సీపీయూలు దాని పేరున రాసిచ్చినట్టు అవుతుంది. లిమిట్లన్నీ పీకేయడం చాలామంది చెప్పే చిట్కా. థ్రెడ్ సంఖ్య సరిచేయకుండా అలా చేస్తే మీ పాడ్ రోగం పక్క పాడ్‌లకి అంటుతుంది, అంతే.

అపోహ: సీపీయూ 50 శాతం ఉంది, సగం సామర్థ్యం మిగిలే ఉంది.

ఎస్‌ఎంటీ ఉన్న మెషీన్‌లో ఇది తప్పు. షెడ్యూలర్ ముందు ఖాళీ కోర్లు నింపుతుంది. అందుకే 50 శాతం దగ్గరికే దాదాపు ప్రతి కోర్ మీద ఒక థ్రెడ్ నడుస్తూ ఉండొచ్చు. రెండో థ్రెడ్ వల్ల కలిసొచ్చేది సాధారణంగా పావు వంతు అటూఇటూ. అంటే మీరు అప్పటికే సామర్థ్యంలో ఎనభై శాతం వాడేశారు. ఎస్‌ఎంటీ లేని ఇంటెల్ జియాన్ 6 ఈ-కోర్ ప్రాసెసర్లు, ఆంపియర్, గ్రావిటాన్ లాంటివాటిలో ఈ గీత చాలావరకు నిటారుగా వెళ్తుంది. క్లౌడ్‌లో వీసీపీయూ (అద్దెకిచ్చే సీపీయూ యూనిట్) అంటే ఒకచోట థ్రెడ్, ఇంకోచోట పూర్తి కోర్. ఆటోస్కేలింగ్ (లోడ్‌ని బట్టి దానంతటదే పెంచడం, తగ్గించడం) గీతని ఒక రకం మెషీన్ నుంచి ఇంకో రకానికి కాపీ చేయకండి.

అపోహ: 500 వాట్ల ప్రాసెసర్ని పట్టుకుని పొదుపు అంటారేంటి?

ఎపిక్ 9965 తినేది 500 వాట్లు, ఒక్క చిప్‌ని చూస్తే అది పెద్ద అంకే. 192తో భాగించండి: కోర్‌కి 2.6 వాట్లు. 2019లో వచ్చిన జియాన్ ప్లాటినం 8280లో 28 కోర్లకి 205 వాట్లు, కోర్‌కి 7.3. దాదాపు అన్నే కోర్లు కావాలంటే అవి ఏడు కావాలి, మొత్తం 1,435 వాట్లు. వాటి బోర్డులు, ఫ్యాన్‌లు, పవర్ సప్లైలు అదనం. పొదుపు ఎలా వస్తుందంటే, చిప్ తినే పవర్ వోల్టేజ్ వర్గానికీ ఫ్రీక్వెన్సీకీ అనులోమంగా పెరుగుతుంది. చివరి కొన్ని వందల మెగాహెర్ట్జ్ కోసం వోల్టేజ్ చాలా పెంచాలి. చిన్న కోర్లు ఆ చివరి మెట్లు ఎక్కవు.

కానీ ఈ పొదుపు మెషీన్ నిండినప్పుడే. పది శాతం లోడ్‌తో వదిలేస్తే ఐఓ డై (ప్రాసెసర్‌లో ఇన్‌పుట్, అవుట్‌పుట్ చూసే భాగం), మెమరీ, ఫ్యాన్‌లు తినేది తింటూనే ఉంటాయి. క్యూబర్నెటీస్‌లో ఇక్కడొక ఉచ్చు ఉంది: నోడ్‌కి (మెషీన్‌కి) డిఫాల్ట్‌గా 110 పాడ్‌లే. చిన్న చిన్న పాడ్‌లైతే 384 సీపీయూల్లో మూడొంతులు ఖాళీగా ఉండగానే షెడ్యూలర్ "చోటు లేదు" అంటుంది. మ్యాక్స్ పాడ్స్ పెంచండి. నోడ్‌కి ఇచ్చిన ఐపీల రేంజ్ 24 బిట్లదైతే 256 చిరునామాలే ఉంటాయి కాబట్టి దాన్నీ 23కి మార్చాల్సి రావొచ్చు.

ర్యాక్ లెక్క కూడా ముందే వేయండి. రెండు సాకెట్లకు 1,000 వాట్లు, 24 డిమ్‌లు (మెమరీ కార్డులు), డ్రైవ్‌లు, నెట్‌వర్క్ కార్డులు, ఫ్యాన్‌లు కలిపితే ఒక సర్వర్ ఒకటిన్నర కిలోవాట్ల దగ్గరికి చేరుతుంది. 8 కిలోవాట్ల ర్యాక్‌లో ఐదు పెట్టగానే ఆగాలి. ర్యాక్ సగం ఖాళీగా కనిపించడం తప్పేమీ కాదు.

అపోహ: ఏ పనికైనా ఇవే మంచివి.

కాదు. ఎపిక్ 9965కీ, అదే తరానికి చెందిన 128 కోర్ల 9755కీ మెమరీ ఛానెళ్లు పన్నెండే. డీడీఆర్5-6000తో సాకెట్‌కి 576 జీబీ/సెకను. మొదటిదానిలో కోర్‌కి 3 జీబీ/సెకను, రెండోదానిలో 4.5. ఎల్3 క్యాష్ (చిప్‌లోనే ఉండే వేగవంతమైన మెమరీ) కోర్‌కి మొదటిదానిలో 2 ఎంబీ, రెండోదానిలో 4. వెబ్ సర్వర్లు, మైక్రోసర్వీస్‌లు, ఏపీఐ గేట్‌వేలకు ఇది అడ్డు కాదు. మెమరీలో పెద్ద టేబుళ్లు స్కాన్ చేసే అనలిటిక్స్‌కి అడ్డే.

కోర్‌కి ఇంత అని లైసెన్స్ వసూలు చేసే డేటాబేస్ అయితే అసలు ఈ దారికి రాకండి. హార్డ్‌వేర్‌లో మిగిల్చింది లైసెన్స్‌లో తడిసి మోపెడవుతుంది. అలాంటిదానికి 64 కోర్లతో 5 గిగాహెర్ట్జ్ దాకా వెళ్లే 9575ఎఫ్ లాంటిది చూడండి. విండోస్ సర్వర్ 2016 నుంచి కోర్‌ల లెక్కే, కాబట్టి కొనే ముందు మొత్తం కోర్లని లైసెన్స్ ధరతో గుణించి చూడండి.

అపోహ: ఆర్మ్ మీద మన అప్లికేషన్లు నడవవు.

ఆర్మ్ అంటే ఆంపియర్, గ్రావిటాన్ వాడే డిజైన్, ఇంటెల్, ఏఎండీలది ఎక్స్86. ఆర్మ్ మీద జావా, గో, పైథాన్, నోడ్.జేఎస్ హాయిగా నడుస్తాయి. "ఎగ్జెక్ ఫార్మాట్ ఎర్రర్" వచ్చిందంటే ఇమేజ్ ఎక్స్86కి మాత్రమే కట్టారని అర్థం. డాకర్ బిల్డెక్స్‌తో రెండు ప్లాట్‌ఫారాలకీ కట్టండి. జాగ్రత్త పడాల్సినవి మూడే: ఏవీఎక్స్ ఇన్‌ట్రిన్సిక్స్‌తో (ఎక్స్86కి మాత్రమే ఉన్న సూచనలతో) రాసిన సీ కోడ్, 64 కేబీ పేజీ సైజున్న కెర్నల్ మీద 4 కేబీకి కట్టిన జెమ్యాలాక్ (ఇంకో మెమరీ లైబ్రరీ), తాళాలు లేకుండా రాసిన థ్రెడ్ కోడ్. మూడోది ప్రమాదకరం. ఎక్స్86 మెమరీ క్రమం కఠినం, ఆర్మ్‌ది సడలింపు ఎక్కువ. ఏళ్లుగా దాక్కున్న తప్పు ఇక్కడ నెలకోసారి డేటా పాడుచేస్తూ బయటపడుతుంది. ఆ భాగాన్ని థ్రెడ్ శానిటైజర్‌తో పరీక్షించాకే ప్రొడక్షన్‌కి పంపండి.

ఒక్క మెషీన్ పోతే వందల పాడ్‌లు పోతాయన్న భయం మాత్రం అపోహ కాదు, నిజమే. ఒకే సర్వీస్ రెప్లికాలన్నీ (కాపీలన్నీ) ఒకే నోడ్ మీద పడకుండా టోపాలజీ స్ప్రెడ్ నియమం పెట్టండి. ఒక నోడ్ మొత్తం పడిపోయినా మిగతావాటిలో ఆ భారం పట్టేంత ఖాళీ ఉంచండి. అందుకే మూడు పెద్ద నోడ్‌లతో క్లస్టర్ కట్టొద్దు. మూడింటిలో ఒకటి పోతే మూడో వంతు భారం మిగతా రెండింటి మీద పడుతుంది, అంటే మామూలు రోజుల్లో ఒక్కోదాన్ని 66 శాతం దాటనివ్వకూడదు. ఎనిమిది నోడ్‌లైతే 87 దాకా నింపొచ్చు. ఎస్‌ఎంటీ ఉంటే ఈ శాతాలని లాజికల్ సీపీయూ శాతంగా కాక, లోడ్ టెస్ట్‌లో మీరు కొలిచిన గరిష్ఠ సామర్థ్యంలో శాతంగా తీసుకోండి.