పుండు మానితే జబ్బు పోయినట్టేనా?

సవాయి (సిఫిలిస్), సెగ (గనేరియా), అడ్డగర్రలు (గజ్జల్లో బిళ్లలు). సుఖవ్యాధులకు పాతతరం నోట ఇన్ని పేర్లున్నాయి గానీ, వాటిని బయటపెట్టే పరీక్షకు ఒక్క పేరూ లేదు. శ్రీకాకుళం, విజయనగరం ఊళ్లలో ‘పుండు మానింది, ఇంకెందుకు రక్తం ఇవ్వడం’ అనే మాట వెనక చాలా కథ ఉంది.

దేశంలో సుఖవ్యాధుల నియంత్రణ కార్యక్రమం 1946లో మొదలైంది. సవాయిని పట్టే వీడీఆర్ఎల్ పరీక్ష అమెరికాలో రూపుదిద్దుకున్నదీ ఆ ఏడాదే. అందులో రక్తరసిని 56 డిగ్రీల వద్ద అరగంట వేడి చేయాలి, యాంటిజెన్ చుక్క కలిపి 4 నిమిషాలు తిప్పాలి, మైక్రోస్కోపు కింద చూడాలి. ఇవన్నీ ఊళ్లో చిన్న ఆస్పత్రికి అందేవి కావు. పరీక్ష కావాలంటే పట్నానికి రావాల్సి వచ్చేది, అంటే ఒక రోజు కూలి పోయేది.

1986లో చెన్నైలో హెచ్‌ఐవీ బయటపడింది. 1992లో జాతీయ ఎయిడ్స్ నియంత్రణ కార్యక్రమం మొదలై, సుఖవ్యాధుల పనీ అందులో కలిసింది. ల్యాబు లేనిచోట లక్షణాన్ని చూసి మందిచ్చే పద్ధతి వ్యాపించింది, రంగు కిట్లు వచ్చాయి. మూత్రనాళం నుంచి చీము కారితే బూడిదరంగు కిట్: అజిత్రోమైసిన్ 1 గ్రాము, సెఫిక్సిమ్ 400 మిల్లీగ్రాములు. పుండుకు తెల్ల కిట్, అందులో 24 లక్షల యూనిట్ల పెన్సిలిన్ ఇంజెక్షన్. వచ్చిన రోజే వైద్యం అందడం నిజంగా పెద్ద మేలు.

కానీ లక్షణం లేనివాళ్లలో చాలామంది కిట్ దాకా రారు. సెగ సోకిన ఆడవాళ్లలో చాలామందికి ఏమీ తెలియదు. సవాయి పుండు నొప్పి పెట్టదు, మందు లేకపోయినా 3 నుంచి 6 వారాల్లో తనంతట తానే మానుతుంది. జబ్బు మాత్రం రక్తంలోనే ఉంటుంది. గర్భిణులకు రక్తపరీక్ష ఎలాగూ చేస్తారు కాబట్టి చాలా ఇళ్లలో మొదట తెలిసేది భార్యకే. భర్త అప్పటికి గుజరాత్‌లోని వేరావల్‌లో చేపల బోటు మీదో హైదరాబాద్‌లో తాపీ పనిలోనో ఉంటాడు. ఇద్దరికీ వైద్యం జరక్కపోతే అతను ఇంటికొచ్చాక ఆమెకు మళ్లీ సోకుతుంది. పోట్లాటకు ముందు ఇద్దరూ సూది వేయించుకోవాలని మా గట్టి మాట.

ప్రభుత్వ పెద్దాసుపత్రిలో సుఖవ్యాధులకు సురక్ష క్లినిక్, హెచ్‌ఐవీ సలహాకూ పరీక్షకూ ఐసీటీసీ ఉంటాయి, పరీక్ష ఉచితం. కలయిక జరిగిన వారానికే చేయించుకుని ‘నెగెటివ్’ చూసి ఊపిరి పీల్చుకోవడం అన్నిటికంటే మామూలుగా జరిగే పొరపాటు. 3 నెలలు నిండాక మళ్లీ ఇవ్వాలి. వీడీఆర్ఎల్‌లో 1:32 (రక్తరసిని 32 రెట్లు పలచన చేసినా పాజిటివ్ అని) ఉన్నది వైద్యం తర్వాత 1:8కి దిగితే మందు పనిచేసినట్టు. సవాయికే చేసే మరో రక్తపరీక్ష టీపీహెచ్ఏ మాత్రం నయమయ్యాక కూడా చాలామందిలో జీవితాంతం పాజిటివ్‌గానే ఉంటుంది, అది చూసి మళ్లీ సూదులు వేయించుకోనక్కర్లేదు. గర్భం, మలేరియా, క్షయ కూడా వీడీఆర్ఎల్‌ను తప్పుగా పాజిటివ్ చూపించవచ్చు గనక టీపీహెచ్ఏ లాంటి రెండో పరీక్షతో ఖాయం చేసుకోవాలి.

పేరు బయటపడుతుందన్న భయం పాతది. 2018 సెప్టెంబరు 10న అమల్లోకి వచ్చిన హెచ్‌ఐవీ చట్టం ప్రకారం మీ ఒప్పుకోలు లేకుండా హెచ్‌ఐవీ పరీక్ష చేయకూడదు, ఫలితం ఇతరులకు చెప్పకూడదు. సందేహాలుంటే 1097కి ఉచితంగా ఫోన్ చేసి అడగవచ్చు.