కారు ముల్లు ఎందుకు పడిపోయింది?

పటమట, విజయవాడ

చిరంజీవులైన మనవడికి, మనవరాలికి తాతయ్య ఆశీస్సులు.

కనుమ నాడు కాకైనా కదలదంటారు, మనం కదిలాం. వారధి దాటామో లేదో స్పీడోమీటర్ ముల్లు సున్నా మీదికి పడిపోయింది, కారేమో పోతూనే ఉంది. కాజ టోల్‌గేటు దగ్గర ఆగి మళ్లీ కదిలేటప్పుడు, రాళ్ల బండిని లాగుతున్నట్టు బరువుగా లేచింది. "గేర్‌బాక్సు పోయినట్టుంది నాన్నా" అని మీ నాన్న టెన్షన్ పడుతుంటే నేను వెనక సీట్లో నవ్వాను. ఎందుకు నవ్వానని మీరిద్దరూ గుంటూరు చేరేదాకా అడుగుతూనే ఉన్నారు. ఫోన్లో చెబితే సగం మర్చిపోతారని కాయితం మీద పెడుతున్నాను.

ఆటోమేటిక్ కారులో గేర్లు మార్చేది మనం కాదు, ఒక చిన్న కంప్యూటర్. దానికి కళ్లు లేవు. బండి ఎంత వేగంగా పోతోందో ఎవరో ఒకరు చెబుతూ ఉండాలి. ఆ చెప్పేదే స్పీడ్ సెన్సార్. అది మాట్లాడటం మానేస్తే కంప్యూటర్ భయపడి, మధ్యలో ఏదో ఒక గేరు పట్టుకుని కూర్చుంటుంది. ఆగిన బండి మూడో గేరులో కదలాలంటే బరువుగానే ఉంటుంది మరి. గేర్‌బాక్సు పోయినప్పుడు ముల్లు పడిపోవాల్సిన పని లేదు. రెండూ ఒకేసారి జరిగాయంటే ముందు అనుమానించాల్సింది లెక్క చెప్పేవాణ్ని. అందుకే నవ్వాను.

మీ నాన్న హైస్కూలుకు తొక్కిన సైకిల్‌కి డైనమో ఉండేది. అయస్కాంతం, రాగి తీగ చుట్ట, అంతే. చక్రం తిరిగితే లైటు వెలిగేది. 1831లో మైకేల్ ఫారడే కనిపెట్టిన సూత్రమే అది. స్పీడ్ సెన్సార్లలో ఒక రకం దీనికి చిన్న తమ్ముడు. గేర్‌బాక్సు లోపల ఇరుసు మీద పళ్ల చక్రం ఒకటి తిరుగుతుంటుంది. సెన్సార్ కొస దాన్ని తాకకుండా, వెంట్రుకవాసి దూరంలో నిలబడుతుంది. ఒక్కో పన్ను ఎదురుగా వచ్చి పోయినప్పుడల్లా తీగలో ఒక చిన్న కరెంటు దెబ్బ పుడుతుంది.

లెక్క వేద్దాం రండి. గంటకు 60 కిలోమీటర్లంటే నిమిషానికి 1000 మీటర్లు. టైరు ఒక చుట్టుకు దాదాపు 1.8 మీటర్లు పోతుందనుకుంటే, నిమిషానికి 555 చుట్లు. టైరుతో సమానంగా తిరిగే పళ్ల చక్రానికి 40 పళ్లున్నాయనుకోండి, సెకనుకు 370 దెబ్బలు. కంప్యూటర్ వాటిని లెక్కపెట్టి వేగం తెలుసుకుంటుంది. మీరు ఎక్కాలకే ఏడుస్తారు!

ఇప్పుడు అసలు సంగతి, అది ఎక్కడుంటుందన్నది. అంబాసిడర్ రోజుల్లో ఈ బాధ లేదు. మీటరు వెనక నుంచి ఒక కేబుల్ గేర్‌బాక్సు దాకా పోయేది, దాన్ని చేత్తో తడుముకుంటూ పోతే చాలు. ఇప్పుడన్నీ వైర్ల చుట్టలే. ఆటోనగర్‌లో నా దగ్గర పని నేర్చుకోవడానికి వచ్చిన కుర్రాళ్లు ఫోన్లో ఏదో కారు బొమ్మ చూసి, అక్కడే ఉండాలని వెతికేవాళ్లు. నేను బొమ్మ పక్కన పెట్టించి ఒకటే అడిగేవాణ్ని: అది లెక్కపెట్టాల్సిన ఇరుసు ఎటుందిరా?

గేర్‌బాక్సులోకి ఇంజిన్ బలం ఒక వైపు నుంచి వస్తుంది, ఇంకో వైపు నుంచి చక్రాలకు పోతుంది. వచ్చేదాన్ని లెక్కపెట్టే సెన్సార్ ఇంజిన్‌కి దగ్గరగా ఉంటుంది. పోయేదాన్ని లెక్కపెట్టేది చక్రాల వైపు. పాత ఇన్నోవాలాంటి వెనక చక్రాల బండిలో గేర్‌బాక్సు పొడుగ్గా సీట్ల మధ్య కిందికి పోతుంది కాబట్టి, ఆ రెండో సెన్సార్ దాని తోక దగ్గర, వెనక చక్రాలకు బలం మోసుకెళ్లే ప్రొపెల్లర్ షాఫ్టు తగిలే చోట వెతకాలి. మనది ముందు చక్రాల బండి. ఇంజిన్ అడ్డంగా ఉంటుంది, గేర్‌బాక్సు దాని పక్కనే. బ్యాటరీనో ఎయిర్ ఫిల్టర్ డబ్బానో తీస్తే పైనుంచే కనిపిస్తుంది. రెండు వైపులా చక్రాలకు పోయే షాఫ్టులు కలిసే డిఫరెన్షియల్ దగ్గర చూడాలి.

చూడటానికి బొటనవేలంత నల్ల ప్లాస్టిక్ ముక్క. ఒకే ఒక బోల్టు, నెత్తిన కప్లర్, అంటే వైర్లు తగిలించే ప్లగ్గు, లోపల రెండో మూడో వైర్లు. గేరు లివర్ కేబుల్ తగిలే చోట ఉండేది మాత్రం ఇది కాదు, అది గేరు లివర్ ఎక్కడుందో చెప్పే న్యూట్రల్ స్విచ్. కుర్రాళ్లు దాన్నే ఊడదీసి నా చేత తిట్లు తినేవాళ్లు.

అన్ని బండ్లలోనూ ఇలా బయటే దొరుకుతుందనుకోకండి. కొన్నింట్లో ఆయిల్ పాన్ విప్పితే గానీ కనబడదు. కొన్ని కొత్త బండ్లలో మీటరుకు లెక్క చెప్పేది గేర్‌బాక్సు సెన్సార్ కాదు, చక్రాల దగ్గరుండే ఏబీఎస్ సెన్సార్లు; ఏబీఎస్ అంటే గట్టిగా బ్రేకేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు. ముల్లు పడిపోవడంతో పాటు ఏబీఎస్ లైటు కూడా వెలిగితే ముందు అటు చూడాలి.

మర్నాడు గుంటూరులో ఒక షెడ్డుకు తీసుకెళ్తే, బండి చూడకుండానే "గేర్‌బాక్సు దించాలి" అన్నారు. మీ నాన్న దాదాపు సరేననబోయాడు. కారు కంప్యూటర్ రాసుకున్న తప్పుల కోడ్‌లు చదివే స్కానర్ ముందు పెట్టమన్నాను. పి0720 అని వచ్చింది, అంటే పోయేవైపు సెన్సార్ నుంచి కబురు సరిగ్గా లేదని. పి0715 అయితే వచ్చేవైపుది. ఇంటికి తెచ్చి, ఇంజిన్ చల్లారాక ఎయిర్ ఫిల్టర్ డబ్బా నేనే తీశాను. బోల్టు విప్పి సెన్సార్‌ని బయటికి లాగాను. కొసకు ఇనుప రజను పట్టి ఉంటే గుడ్డతో తుడుద్దామనుకున్నాను, కానీ శుభ్రంగానే ఉంది. కప్లర్‌కి జానెడు వెనక చూస్తే, ఒక వైరు పైపొర ఒలిచినట్టు పోయి, లోపలి రాగి తెగి ఉంది. పక్కనే బియ్యపుగింజంత నల్ల గింజలు.

ఎలుక! పండక్కి మా పెరట్లో బండి పెట్టినన్ని రోజులూ ఇంజిన్ వెచ్చదనంలో కాపురం పెట్టినట్టుంది. అరిసెల వాసనకొచ్చిందని మీ నాయనమ్మ మీద వేద్దామనుకున్నాను గానీ, కనుమ నాడు బయల్దేరొద్దని ఆవిడ ముందే చెప్పింది కాబట్టి నోరెత్తలేదు. వైరు కలిపి, టంకం పెట్టి, టేపు చుట్టి, సెన్సార్‌ని, ఆయిల్ కారకుండా దాని చుట్టూ ఉండే రబ్బరు ఓరింగుతో సహా మళ్లీ బిగించాను. స్కానర్ అడిగి తెచ్చి కోడ్ చెరిపేసి, చుట్టుగుంట దాకా ఒక చుట్టు తిరిగొచ్చాం. ముల్లు లేచింది, గేర్లు పడ్డాయి.

మీ నాన్న కారు కింద దూరేటప్పుడు మాత్రం మీరు పక్కన ఉండకండి. ఒట్టి జాకీ మీద నిలబెట్టిన బండి కిందికి నేను ఎవర్నీ దూరనివ్వలేదు, వాడినీ దూరనివ్వకండి.

పాత సెన్సార్ ఒకటి బల్ల సొరుగులో దాచాను. వేసవి సెలవులకు వచ్చినప్పుడు దాని కొసకు గుండుసూదులు అంటించి చూద్దురు గాని. ఎలుకబోను కూడా కొన్నాను, ఇంకా ఏమీ పడలేదు.

మీ తాతయ్య