పండూ, అది నీ వల్ల కాదు నాన్నా

చిన్నూకీ పండుకీ అమ్మమ్మ ఆశీస్సులు.

"నేను అమ్మ పొట్ట మీద తల పెట్టి పడుకున్నందుకే నీళ్లు పోయాయా?" అని నిన్న ఫోన్‌లో పండు ఏడ్చాడు. నాకు రాత్రంతా నిద్ర పట్టలేదు. కాదు నాన్నా. కడుపులో బిడ్డ చుట్టూ నీరుండే ఉమ్మనీటి సంచి ముందే చిట్లడానికి చాలాసార్లు లోపలి ఇన్ఫెక్షన్ కారణం, ఒక్కోసారి డాక్టర్లకే కారణం దొరకదు. ప్రసూతి వార్డులో ముప్పై ఏళ్లు నర్సుగా చేసినదాన్ని, నా మాట నమ్ము.

నెలలు నిండకుండా పుట్టిన తమ్ముడి ఊపిరితిత్తుల గురించి ఇంత టెన్షన్ ఎందుకో చెబుతాను. కడుపులో బిడ్డకు గాలి ఉండదు కదా, అయినా ఛాతీ ఆడిస్తూ ఊపిరి ప్రాక్టీసు చేస్తూనే ఉంటాడు. ఊపిరితిత్తులు తమలో తామే ఒక ద్రవం ఊరించుకుంటాయి. అది లోపల నిండి ఉంటేనే అవి సాగి పెరుగుతాయి. చుట్టూ ఉమ్మనీరు తగ్గితే ఆ ద్రవం బయటికి జారిపోతుంది, ఛాతీకి చోటు ఇరుకవుతుంది. 20 వారాలలోపే నీరు పోతే ఊపిరితిత్తులు చిన్నవిగా ఉండిపోయే ప్రమాదం చాలా ఎక్కువ. మీ అమ్మకి పోయింది 27వ వారంలో, కొంత నీరు మిగిలింది కూడా. అప్పటికే తమ్ముడి ఊపిరితిత్తుల్లో గాలిగొట్టాలు చెట్టులా కొమ్మలు, రెమ్మలు వేసేశాయి.

లోపల పూత మాత్రం చాలలేదు. తడి పాలిథిన్ కవర్ రెండు పొరలూ అతుక్కుపోతే విప్పడానికి ఎంత అవస్థో మీకు తెలుసుగా? అలా అతుక్కోకుండా కాపాడే జిడ్డు పూత సర్ఫాక్టెంట్. అది త్వరగా తయారవ్వాలనే అమ్మకి 12 గంటలకొకటి చొప్పున నాలుగు స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఇచ్చారు. ఈ మందు సంగతి గొర్రెపిల్లల దగ్గర తెలిసింది! న్యూజిలాండ్‌లో లిగ్గిన్స్ అనే డాక్టరు కాన్పు ఎలా మొదలవుతుందో చూద్దామని తల్లి కడుపులో ఉన్న గొర్రెపిల్లలకు స్టెరాయిడ్ ఇచ్చి చూశాడు. బతకవనుకున్న నెలతక్కువ పిల్లలు ఊపిరి తీశాయి. తర్వాత హోవీ అనే పిల్లల డాక్టరుతో కలిసి తల్లులకు ఇచ్చి చూసి, 1972లో ఫలితాలు ప్రకటించారు. ఎన్ని లక్షల తల్లుల కడుపు చల్లగా ఉందో!

నీరు పోయిన రెండు వారాలకే తమ్ముడు పుట్టేశాడు. ముక్కులో చిన్న గొట్టాలు, తలకి నా పిడికిలికి సరిపోయేంత టోపీ. పక్కన సీసాలో నీళ్లు బుడబుడమంటుంటాయి. భయపడకండి, ఊపిరితిత్తులు ముడుచుకోకుండా గాలి ఒత్తిడి పెడుతున్నారన్నమాట. నిన్నటిదాకా ఊపిరి తీస్తే డొక్కలు లోపలికి పోయేవి, ఈ రోజు కాస్త తగ్గాయి. ఊపిరితిత్తుల్లో గాలి నిండే చిన్న చిన్న గదులు బిడ్డ పుట్టాక కూడా ఏళ్ల తరబడి కొత్తవి వస్తూనే ఉంటాయి.

ఆదివారం నాన్న వీడియో కాల్ చేస్తాడు. పండూ, ముందు నువ్వే మాట్లాడు. కడుపులో ఉండగా వాడు నీ గొంతు విన్నాడు.

మీ అమ్మమ్మ