డెఫ్ పిల్లల ప్రీస్కూల్ అసిస్టెంట్‌గా రోజూ వినే అపోహలు, అసలు సంగతులు

నేను వినికిడి లోపం ఉన్న చిన్నపిల్లల ప్రీస్కూల్లో అసిస్టెంట్‌ని, మా దగ్గర మూడేళ్ళ నుంచి ఆరేళ్ళ లోపు పిల్లలుంటారు. పాఠం ప్లాన్ చేసేది టీచర్‌గారు, మాటలు పలికించేది స్పీచ్ థెరపిస్ట్‌గారు, చెవి మెషిన్లు చెక్ చేయడం దగ్గర్నుంచి బాత్రూంకి తీసుకెళ్ళి చెడ్డీ వేయడం దాకా మిగతాదంతా నాది. పెళ్ళిళ్ళలో, బస్సుల్లో, ఆఖరికి మా స్కూల్ గేటు దగ్గర కూడా జనం అనే మాటలే మళ్ళీ మళ్ళీ వింటుంటా, అందుకే ఒకసారి కూర్చుని రాసేద్దామనిపించింది.

అపోహ: మగపిల్లలకి మాటలు లేటండీ, వాళ్ళ నాన్నకీ నాలుగేళ్ళదాకా రాలేదు

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది ఇదే. మాట లేటయితే ముందు చేయించాల్సింది చెవి టెస్టు, అది మగపిల్లాడైనా ఆడపిల్లైనా సరే. అసలు డాక్టర్లు చెప్పే లెక్క 1-3-6, అంటే నెలలోపు స్క్రీనింగ్, మూడు నెలలకల్లా లోపం ఉందో లేదో తేల్చడం, ఆరు నెలలకల్లా మెషినో ట్రైనింగో మొదలెట్టడం. మా దగ్గరికొచ్చే పిల్లల్లో చాలామంది మూడేళ్ళు దగ్గరపడ్డాక వస్తారు, ఈలోపు ఏమవుతుందంటే వస అరగదీసి నాలిక మీద రాస్తారు, నాలిక కింద నరం అడ్డొస్తోందని కోయిస్తారు, మొక్కులు మొక్కుతారు. వస పోస్తే వసపిట్టలా మాట్లాడతాడని అమ్మమ్మల నమ్మకం, వాళ్ళ ప్రేమని నేను తక్కువ చేయట్లేదు, కానీ చెవిలోకి మాటే వెళ్ళనప్పుడు నాలిక మీద ఏం రాసి ఏం లాభం చెప్పండి. ఇంకొందరు చెవిలో గోరువెచ్చని నూనె పోస్తారు, దయచేసి అది మాత్రం వద్దు.

ఓఏఈ అనే టెస్టు, అంటే చెవిలోకి చిన్న శబ్దం పంపి లోపలి చెవి స్పందిస్తోందా అని చూసేది, నిమిషాల్లో అయిపోతుంది, నొప్పి ఉండదు, పసిపిల్ల నిద్రపోతుంటే చేసేస్తారు. దాంట్లో డౌట్ వస్తే బెరా టెస్టు రాస్తారు, శబ్దం చెవి నరం గుండా మెదడుకి చేరుతోందా అని చూసేది, అదీ నిద్రలోనే. ప్రభుత్వం వైపు నుంచి అయితే ఆర్‌బీఎస్‌కే అనే పిల్లల ఆరోగ్య పథకం కింద జిల్లాల్లో డీఈఐసీ సెంటర్లున్నాయి, పిల్లల్లో లోపాల్ని తొందరగా కనిపెట్టి సాయం చేసేవి, సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో మాట, వినికిడి లోపాల మీద పనిచేసే అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ వాళ్ళ ప్రాంతీయ కేంద్రం ఉంది.

అపోహ: పళ్ళెం మీద గరిటెతో కొడితే తిరిగాడు, చెవులు బానే ఉన్నాయి

ఇంట్లో అందరూ చేసే టెస్టు ఇదే. పిల్లాడు తిరిగింది చప్పుడుకేనా, మీ నీడ కదిలినందుకా, గచ్చు అదిరినందుకా అనేది మీకు తెలీదు. పైగా వినపడటం అంటే మొత్తం వినపడటం, లేకపోతే మొత్తం వినపడకపోవడం కాదు. డోలు, తలుపు ధన్‌మని పడటం లాంటి మందమైన శబ్దాలు వినిపించి, స, ష లాంటి సన్న శబ్దాలు అస్సలు అందని పిల్లలు బోలెడుమంది. వాళ్ళు పిలిస్తే పలుకుతారు, కానీ మనం చెప్పేదాంట్లో ముక్కలు ముక్కలుగా అందుతుంది, అందుకే ఇంట్లో "వీడు కావాలనే విననట్టు నటిస్తాడు" అని పేరు పడిపోతుంది. ఆ మాట విన్నప్పుడల్లా నాకు మహా చిరాకు.

అపోహ: మెషిన్ పెడితే కళ్ళజోడు పెట్టినట్టే, ఇక అంతా సెట్

కళ్ళజోడు పెట్టగానే అక్షరం క్లియర్‌గా కనపడుతుంది కానీ హియరింగ్ మెషిన్ అలా కాదు, అది పాపం టీచర్ గొంతుతో పాటు ఫ్యాన్ గోల, కుర్చీ జరిపిన చప్పుడు, పక్క క్లాసు కేకలు అన్నీ కలిపి పెంచుతుంది. టీచర్ మీటరు దూరంలో ఉంటే బానే అందుతుంది, గదికి ఆ చివర ఉంటే అందదు. అందుకే మా క్లాసులో నేల మీద జంపఖానాలు, కిటికీలకి మందం కర్టెన్లు, కుర్చీల కాళ్ళకి రబ్బరు బుష్‌లు ఉంటాయి, చూసేవాళ్ళు అలంకారం అనుకుంటారు.

పొద్దున పిల్లలు రాగానే నా మొదటి పని మెషిన్లే. ఇయర్ మోల్డ్‌లో, అంటే చెవి కొలతకి చేసి చెవిలో పెట్టే అచ్చులో, గులిమి అడ్డుపడిందా, ట్యూబులో చెమట నీరు చేరిందా, బ్యాటరీ ఉందా, అన్నీ చూసి స్టెతస్కోప్ లాంటి గొట్టం తగిలించి నేనే ఒకసారి వింటా. ఆ తర్వాత పిల్లాడి వెనకాల కూర్చుని అ, ఈ, ఊ, మ్, ష్, స్ అని ఆరు శబ్దాలు మామూలు గొంతుతో ఒక్కోటి అంటా, వినిపించినప్పుడల్లా వాడు డబ్బాలో ఒక పూస వేయాలి. దీన్నే లింగ్ టెస్ట్ అంటారు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని చేస్తే శబ్దం మారిపోతుంది, అందుకే వెనక కూర్చోవడం. నిన్నటిదాకా స్ కి టకీమని పూస వేసిన పాప ఇవాళ పూస పట్టుకుని అలాగే కూర్చుందంటే బ్యాటరీ దిగిపోయిందో, జలుబు చేసి చెవిలో నీరు చేరిందో, ఏదో ఉన్నట్టే, వెంటనే టీచర్‌కి చెప్పాలి. చీము కారుతుంటే ఆ చెవికి మెషిన్ పెట్టం, డాక్టర్ దగ్గరికి పంపుతాం.

ఈ బ్యాటరీలు గాలి తగిలితే పనిచేసే రకం, స్టిక్కర్ పీకాక ఒక నిమిషం ఆగి వేస్తే ఎక్కువ రోజులొస్తాయి. పాతవి ఎక్కడపడితే అక్కడ పడేయకండి, చిన్నపిల్లలు మింగితే ప్రాణం మీదకొస్తుంది. మెషిన్ కుయ్యిమంటోందంటే చాలాసార్లు మోల్డ్ లూజైందని అర్థం, చెవి పెరుగుతుంది కదా, కొత్త మోల్డ్ చేయించాలి. చాలామంది సౌండ్ తగ్గించేసి ఊరుకుంటారు, అప్పుడు కుయ్యిమనడం ఆగుతుంది, పిల్లాడికి వినపడటమూ ఆగుతుంది.

అపోహ: గట్టిగా అరిస్తే వినపడుతుంది

వినపడదు. అరిస్తే మాట వంకరపోతుంది, మొహం కోపంగా కనపడుతుంది, పిల్లాడు భయపడతాడు. దగ్గరికెళ్ళి మామూలుగా మాట్లాడండి.

అపోహ: పెదాలు చూసి మొత్తం అర్థం చేసుకుంటారు

అద్దం ముందు నిలబడి గొంతు బయటికి రాకుండా పాట, బాట, మాట అని చూడండి. మూడింటికీ పెదాలు ఒకేలా కదులుతాయి. క, గ లాంటివి గొంతు దగ్గర పలుకుతాయి, బయటికి ఏమీ కనపడదు. పెద్దవాళ్ళయితే సందర్భాన్ని బట్టి ఊహిస్తారు, ఎందుకంటే వాళ్ళకి భాష ముందే తెలుసు. మూడేళ్ళ పిల్లకి ఇంకా ఆ మాటే తెలీదు కదా, దేన్ని బట్టి ఊహిస్తుంది?

అపోహ: చేతి సైగలు నేర్పితే ఇక నోట్లోంచి మాట రాదు

దీని మీద మా ఫీల్డులోనే గొడవలున్నాయి, కొన్ని స్కూళ్ళు మాట మీదే వెళ్తాయి, కొన్ని సైన్ (సైగల భాష) మీద, కొన్ని రెండూ. నా మాట ఏంటంటే, సైన్ వల్ల మాట ఆగిపోతుందనేదానికి ఆధారం లేదు, కానీ ఏ భాషా సరిగ్గా అందకుండా అయిదేళ్ళు గడిచిపోతే మాత్రం ఆ నష్టం పూడ్చడం చాలా కష్టం. డెఫ్ పిల్లల్లో ఎక్కువమంది అమ్మానాన్నలు వినపడేవాళ్ళే, కాబట్టి ఇంట్లో సైన్ వచ్చినవాళ్ళు ఉండరు, అమ్మా బిడ్డా ఇద్దరూ కలిసే నేర్చుకోవాలి. ఢిల్లీలో ఐఎస్‌ఎల్‌ఆర్‌టీసీ అని మన దేశపు సైగల భాష కోసం 2015లో పెట్టిన ప్రభుత్వ సంస్థ ఉంది, వాళ్ళ ఇండియన్ సైన్ లాంగ్వేజ్ డిక్షనరీలో 2021 నాటికే 10,000 పదాలున్నాయి, వీడియోలు ఫ్రీగా దొరుకుతాయి. అమెరికా సైన్ వీడియోలు చూసి నేర్పకండి, అది వేరే భాష, అక్షరాలు కూడా వాళ్ళు ఒంటిచేత్తో వేస్తే మనం రెండు చేతులతో వేస్తాం.

అపోహ: ఆపరేషన్ చేయిస్తే మర్నాటి నుంచి మాట్లాడేస్తాడు

ఇది కాక్లియర్ ఇంప్లాంట్ గురించి, అంటే ఆపరేషన్ చేసి లోపలి చెవిలో పెట్టే పరికరం, బయట తగిలించే ప్రాసెసర్ పట్టిన శబ్దాన్ని వినికిడి నరానికి అందిస్తుంది. మన దగ్గర ఆరోగ్యశ్రీలో చేస్తారు, వికలాంగులకి పరికరాలిచ్చే కేంద్రం అడిప్ స్కీములోనూ ఉంది, పుట్టుకతో వినపడని పిల్లలకి దాంట్లో ఒకటి నుంచి అయిదేళ్ళ లోపు అని వయసు రూలుంది, కాబట్టి ఆలస్యం చేయొద్దు. అయితే ఆపరేషన్ రోజు ఏమీ వినపడదు, కుట్లు మానాక కొన్ని వారాలకి స్విచాన్ చేస్తారు, ఆ రోజు చాలామంది పిల్లలు ఏడుస్తారు, అదేదో మొదటిసారి తలలో మోగినట్టు ఉంటుంది మరి. ఆ రోజు నుంచి వాడి వినికిడి వయసు మొదలవుతుంది, అంటే నాలుగేళ్ళోడైనా వినడంలో పసిబిడ్డే. మ్యాపింగ్‌లు (పిల్లాడికి తగ్గట్టు మెషిన్ సెట్టింగులు సరిచేయడం), థెరపీ ఏళ్ళ తరబడి ఉంటాయి. స్నానానికి, నిద్రకి బయటి ప్రాసెసర్ తీసేస్తే మళ్ళీ పూర్తి నిశ్శబ్దం, మధ్యాహ్నం పడుకుని లేచిన పిల్లని పేరు పెట్టి పిలిస్తే లాభం లేదు, ఎదురుగా వెళ్ళి కనపడాలి.

అపోహ: మేనరికం చేసుకుంటేనే ఇలా పుడతారు

మేనరికంలో రిస్క్ పెరిగే మాట నిజమే. కానీ గర్భంలో ఉండగా రుబెల్లా రావడం, నెలలు నిండకుండా పుట్టడం, పుట్టగానే పచ్చకామెర్లు ఎక్కువవడం, మెదడు పొరల వాపు (మెనింజైటిస్), కొన్ని మందులు, ఇలా చాలా కారణాలున్నాయి. కోడలిని నిలదీయడం ఆపి పిల్లని టెస్టుకి తీసుకెళ్ళండి.

అపోహ: అసిస్టెంట్ అంటే ఆయమ్మే కదా

ముక్కులు తుడవడం, బట్టలు మార్చడం నా పనే, దాంట్లో నామోషీ ఏం లేదు. కానీ అసలు పని పిల్లల కళ్ళని కనిపెట్టుకుని ఉండటం. వినపడే పిల్లలు బొమ్మకి రంగులేస్తూ కూడా మనం చెప్పేది వింటారు, మా పిల్లలకి కళ్ళతోనే రెండు పనులూ జరగాలి, కాగితం వైపు చూస్తున్నప్పుడు నేను చెప్పిందంతా గాల్లో పోయినట్టే. కాబట్టి ఆగాలి. పిల్ల తలెత్తి నన్ను చూసేదాకా ఆగి, అప్పుడు ఎర్ర రంగు చూపించి, "ఎరుపు" అని చెప్పి సైన్ చేసి, మళ్ళీ పిల్ల కళ్ళు కాగితం మీదకి వెళ్ళేదాకా ఊరుకోవాలి. కొత్తగా చేరిన హెల్పర్లకి ఇదే కష్టం, గడ్డం పట్టుకుని మొహం తిప్పేస్తుంటారు. అలా చేయకూడదు, భుజం మీద మెల్లగా తట్టాలి, లేదా బల్ల మీద తడితే అదురు తెలుస్తుంది. కథ చెప్పేటప్పుడు ఒళ్ళో కూర్చోబెట్టుకోవడం ముద్దుగానే ఉంటుంది గానీ అప్పుడు నా మొహం కనపడదు, అందుకే ఎదురుగా కూర్చుని పుస్తకం గడ్డం కింద పట్టుకుంటా.

ఇంకో సంగతి, పిల్ల చెప్పబోతుంటే మనమే అందుకుని చెప్పేయకూడదు. మంచినీళ్ళ సీసా వైపు చూడగానే మూత తీసి ఇచ్చేస్తే ఇక ఆ పిల్ల నీళ్ళు అని ఎప్పుడంటుంది?

అపోహ: ఇలాంటి పిల్లలకి కోపం, మొండితనం ఎక్కువ

అందరూ చెప్పులేసుకుంటున్నారు, ఎక్కడికో ఎవరూ చెప్పలేదు, చెయ్యి పట్టుకుని లాగుతున్నారు, మీరైతే ఊరుకుంటారా? గోడ మీద రోజు మొత్తం బొమ్మల్లో పెట్టి, తర్వాత పార్కు అని ముందే చూపిస్తే సగం ఏడుపులు ఉండవు. మిగతా సగం మామూలు మూడేళ్ళ పిల్లల ఏడుపులే, దానికి చెవికి సంబంధం లేదు. పొద్దున పదకొండు గంటలు దాటాక చాలామంది చిరాకు పడతారు, పొద్దుట్నుంచి కష్టపడి వినీ చూసీ అలిసిపోతారు కాబట్టి, ఆ టైములో మేం పాఠం పెట్టం, మట్టో నీళ్ళో ఇచ్చి వదిలేస్తాం.

అపోహ: ఒకటో క్లాసుకి మామూలు స్కూల్లో వేశాం, ఇక స్పెషల్‌గా ఏం అక్కర్లేదు

అక్కర ఉంటుంది, కాకపోతే పెద్ద ఖర్చేం కాదు. ముందు వరసలో ఒక పక్కకి, ఫ్యాన్‌కీ రోడ్డు వైపు కిటికీకీ దూరంగా సీటు అడగండి. బోర్డు వైపు తిరిగి మాట్లాడొద్దని, కిటికీకి వీపు పెట్టి నిలబడితే మొహం చీకటిగా కనపడుతుందని టీచర్‌కి చెప్పండి. "అర్థమైందా" అని అడిగితే ప్రతి పిల్లాడూ తలూపుతాడు, దాని బదులు "నేనేం చెప్పాను" అని అడగమనండి. బ్యాగులో ఒక జత ఎక్స్‌ట్రా బ్యాటరీలు, అవి ఎలా మార్చాలో ఒక కాగితం మీద బొమ్మ గీసి పెట్టి, మొదటి రోజే క్లాస్ టీచర్‌కీ అక్కడి ఆయాకీ ఇద్దరికీ చూపించండి, ఎందుకంటే మెషిన్ ఆగిపోయేసరికి దగ్గరుండేది ఎక్కువగా ఆయానే.