పరారుణ లేజర్ డిటెక్టర్లు: రొదను జయించే ప్రయత్నం

గాలిలోని ధూళిని, నీటి ఆవిరిని, కార్బన్ డయాక్సైడ్‌ను దూరం నుంచి కొలిచే లైడార్ పరికరం లేజర్ కాంతిని పంపి, చెదిరి వెనక్కి వచ్చిన కొద్దిపాటి కాంతిని పట్టుకుంటుంది. ఆ కాంతి ఎంత తక్కువ అన్నదానికన్నా, దాన్ని ముంచేసే రొద, అంటే అక్కరలేని సంకేతాలు, ఎంత ఎక్కువ అన్నదే ఈ రంగంలో మొదటి నుంచీ అసలు చిక్కు.

1800లో విలియం హెర్షెల్ పరారుణ కిరణాలను థర్మామీటరుతో గుర్తించాడు. తర్వాత వచ్చిన లాంగ్లీ బోలోమీటర్ (కిరణాల వేడికి లోహపు విద్యుత్ నిరోధం మారడాన్ని కొలిచే సాధనం) ఎంతో సున్నితమైనదే అయినా, వేడెక్కితే తప్ప స్పందించని అలాంటి సాధనాలు లైడార్‌కు చాలవు. కాంతి వెళ్లి తిరిగిరావడానికి పట్టిన సమయాన్నిబట్టే లైడార్ దూరాన్ని లెక్కిస్తుంది కనుక, ఒక్క మైక్రోసెకను ఆలస్యమైనా ఆ లెక్క 150 మీటర్లు తప్పుతుంది. పైగా గది ఉష్ణోగ్రతలో ఉన్న ప్రతి వస్తువూ, టెలిస్కోపు గొట్టంతో సహా, 10 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) తరంగదైర్ఘ్యం ప్రాంతంలో తానే పరారుణ కాంతిని వెదజల్లుతూ ఉంటుంది. ఇంటి పక్కనే పెళ్లిమేళం మోగుతుండగా దూరపు పిలుపు వినవలసి రావడం లాంటిది ఇది.

1959లో బ్రిటన్‌లోని మాల్వెర్న్ పరిశోధకులు ప్రకటించిన పాదరసం–కాడ్మియం–టెల్లూరియం మిశ్రమం దారి మార్చింది. పాళ్లు మార్చి ఏ తరంగదైర్ఘ్యానికి స్పందించాలో నిర్ణయించుకోవచ్చు. ద్రవ నత్రజనితో 77 కెల్విన్‌కు చల్లబరిస్తే డిటెక్టర్ సొంత రొద బాగా అణగుతుంది. 1964లో కుమార్ పటేల్ కార్బన్ డయాక్సైడ్ లేజర్‌ను రూపొందించాక, తిరిగివచ్చిన కాంతిని పరికరంలోనే ఉన్న మరో లేజర్ పుంజంతో కలిపి, ఆ రెండింటి పౌనఃపున్యాల తేడాను కొలిచే హెటెరోడైన్ పద్ధతి 10.6 మైక్రాన్ల దగ్గర ఆచరణలోకి వచ్చింది. స్థానిక పుంజం తగినంత బలంగా ఉంటే ఆంప్లిఫయర్ రొద లెక్కలోకి రాదు. నా దృష్టిలో ఈ చరిత్రలో అన్నిటికన్నా తెలివైన అడుగు ఇదే.

తక్కువ తరంగదైర్ఘ్యాల దగ్గర సిలికాన్ అవలాంచ్ డయోడ్లు, అంటే కాంతి విడిపించిన ఎలక్ట్రాన్లను తమలోనే అనేక రెట్లు పెంచే డిటెక్టర్లు, పనిచేస్తాయి. 2008లో చంద్రయాన్-1 మోసుకెళ్లిన లేజర్ ఎత్తుమాపకం 1.064 మైక్రాన్ల కాంతినే వాడింది. 1.1 మైక్రాన్లు దాటితే సిలికాన్‌కు చూపు ఆనదు. తిరుపతి సమీపంలోని గాదంకి లైడార్ 532 నానోమీటర్ల ఆకుపచ్చ కాంతిని వాడుతుంది. ఆ రంగులో ఒక్కొక్క ఫోటాన్‌నూ లెక్కించగల ఫోటోమల్టిప్లయర్లు ఏనాటి నుంచో ఉన్నాయి.

కార్బన్ డయాక్సైడ్‌ను కొలవడానికి అనువైన 1.57, 2.05 మైక్రాన్ల దగ్గర ఆ సౌకర్యం చాలాకాలం లేదు. మామూలు అవలాంచ్ డయోడ్ సంకేతాన్ని పెంచుతూనే, ఆ పెంపు ఒక్కోసారి ఒక్కోలా ఉండటం వల్ల కొత్త రొదనూ చేరుస్తుంది. పాత పాదరస మిశ్రమంతో చేసిన అవలాంచ్ డయోడ్లలో దాదాపుగా ఎలక్ట్రాన్లు మాత్రమే గుణితమవుతాయి కనుక ఆ అదనపు రొద చాలా తక్కువ. అయితే వాటినీ లోతుగా చల్లబరచాలి. ఉపగ్రహంలో శీతలీకరణ యంత్రానికి బరువూ విద్యుత్తూ కేటాయించవలసిందే.