ఆయిల్, సోలార్, మన డాబా: అపోహలు - వాస్తవాలు

తిరుపతి చుట్టుపక్కల ఇళ్ల మీద సోలార్ ప్యానెళ్లు బిగించడం నా పని. డాబా కొలుస్తున్నప్పుడు ఇంటివాళ్లు పెట్రోలు గురించి, కరెంటు గురించి చాలా అడుగుతారు. వాటిలో పదే పదే వినిపించేవి ఇవి.

అపోహ: ఆయిల్ అయిపోయినప్పుడు చూసుకుందాం, ఇప్పటి నుంచే ఎందుకు?

అయిపోయేదాకా ఇబ్బంది ఆగదు. మనం వాడే ముడి చమురులో 85 శాతానికి పైగా బయటి దేశాలదే. 1973లో అరబ్ దేశాలు సరఫరా బిగించినప్పుడు భూమిలో చమురుకు కొదవ లేదు. అయినా కొద్ది నెలల్లోనే ధర దాదాపు నాలుగింతలైంది.

అపోహ: డాబా మీద సోలార్ పెడితే ఆయిల్ దిగుమతి తగ్గుతుంది.

మంచి మనసుతో అనే మాటే గానీ, దానంతట అది జరగదు. మన కరెంటులో ఎక్కువ భాగం బొగ్గుది, చమురు వాటా చాలా స్వల్పం. అంటే ప్యానెల్ తగ్గించేది బొగ్గును. చమురు ప్రధానంగా కాలేది బండ్లలో, లారీల్లో. కాబట్టి బండి కూడా మారాలి.

లెక్క చూడండి. ఒక కిలోవాట్ ప్యానెళ్లు మన ఎండకు రోజుకు సగటున 4 యూనిట్లు ఇస్తాయి. ఎలక్ట్రిక్ స్కూటర్ యూనిట్‌కు సుమారు 30 కిలోమీటర్లు పోతుంది. రేణిగుంట నుంచి తిరుపతికి రోజూ వచ్చిపోయేవాళ్లకు ఒక్క యూనిట్ చాలు. రాత్రి ఛార్జింగ్ పెట్టినా పర్వాలేదు, పగలు గ్రిడ్‌కు, అంటే ఊరి కరెంటు లైన్లకు ఇచ్చిన యూనిట్లు నెట్ మీటర్‌లో (ఇచ్చిందీ, వాడిందీ రెండూ లెక్కపెట్టే మీటరు) జమ అవుతాయి. నన్నడిగితే ఈ రెండూ ఒకే ఇంట్లో కలిసినప్పుడే అసలు లాభం.

అపోహ: ఎండ ఎంత మండితే అంత కరెంటు.

ప్యానెల్‌కు కావాల్సింది వెలుతురు, వేడి కాదు. ప్యానెల్ వేడి 25 డిగ్రీలు దాటాక ఒక్కో డిగ్రీకి 0.3 నుంచి 0.4 శాతం ఉత్పత్తి పడిపోతుంది. మే నెల మధ్యాహ్నం గాజు మీద చెయ్యి ఆనించలేం, 65 డిగ్రీల దాకా పోతుంది. అందుకే కింద గాలి ఆడేలా ఎత్తు వదలాలి. రేకులకు అంటించినట్టు బిగిస్తానంటే ఒప్పుకోకండి.

అపోహ: సోలార్ ఉంటే కరెంటు కోత బాధ ఉండదు.

బ్యాటరీ లేకుండా కరెంటు లైనుకు కలిపిన ఆన్‌గ్రిడ్ సిస్టమ్, కరెంటు పోగానే తనూ ఆగిపోతుంది. స్తంభం మీద లైన్‌మ్యాన్ పనిచేస్తుంటే మన డాబా నుంచి కరెంటు వెళ్లి షాక్ కొట్టకూడదు గదా! అడ్వాన్స్ ఇచ్చేముందే ఈ సంగతి అడగండి.

అపోహ: బ్యాటరీ బండి ఘాట్ ఎక్కలేదు.

2022 నుంచి ఆర్టీసీ ఎలక్ట్రిక్ బస్సులు తిరుమల కొండ ఎక్కుతూనే ఉన్నాయి. దిగేటప్పుడు మోటారే జనరేటర్‌లా పనిచేసి కొంత ఛార్జిని బ్యాటరీకి తిరిగి పంపుతుంది.

అపోహ: ఇక ఆయిల్‌తో పనే ఉండదు.

విమానాలకు, ఓడలకు, దూరం పోయే లారీలకు ఇంకా చాలాకాలం ఉంటుంది. చిత్తూరు మామిడి గుజ్జు ఓడెక్కి విదేశాలకు పోవాలన్నా ప్రస్తుతానికి దారి అదే. స్కూటర్లు, ఆటోలు, సిటీ బస్సులకు మాత్రం ఆ అవసరం లేదు.

ప్యానెళ్లు పెట్టించేవాళ్లు కరెంటు బిల్లుతో పాటు మీ బండ్లు రోజుకు ఎన్ని కిలోమీటర్లు తిరుగుతాయో కూడా ఇన్‌స్టాలర్‌కు చెప్పండి. 2 కిలోవాట్లు చాలనుకున్న ఇంట్లో రేపు కారు కూడా ఛార్జింగ్ పెట్టాలంటే 3 కావాల్సి రావచ్చు. ఇళ్ల మీద సోలార్‌కు ఉన్న పీఎం సూర్యఘర్ పథకంలో కేంద్రం సబ్సిడీ 2 కిలోవాట్లకు రూ.60,000, మూడింటికి రూ.78,000.